కాళియుడు వెడలిన మడుగు

శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి నరసింహక్షేత్రమునకు సమీపమున ఓబులదేవరచెరువు అను ఊరు కలదు. ‘ఓబులము’ అనునది అహోబలమునకు జనుల నోట నిలిచిన రూపము. ఆ పేరులో దేవుడును కలడు, చెరువును కలదు. వాన కొరవడిన ఈ సీమలో ఆ పేరు పలికినపుడెల్ల, నీరు స్వామి సొత్తను తలంపు భక్తునకు కలుగవలెను.

రాయలసీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు త్రవ్వించిన ఆ తటాకమును గూర్చి చెప్పుచు, చెరువునకు పండ్రెండు సాధనములను, ఆరు దోషములను అది పేర్కొన్నది. కట్ట నుండి నీరు కారుట ఒక దోషము. చవుడు నేల మరియొకటి. నాటివారు ఎన్నని ఏడవ దోషము నేడు వచ్చినది. అది మన ఇంటి మురుగు.

కడవలతో నీరు తెచ్చుకొను దినములలో మురుగు స్వల్పము. 2019లో ప్రారంభమైన జలజీవన్ పథకము తలకు దినమునకు 55 లీటర్ల కుళాయినీటిని ఉద్దేశించినది. ఐదుగురున్న ఇంట 275 లీటర్లు. అందు సుమారు మూడింట రెండు వంతులు మురుగై వెలువడును. నీరు వచ్చుట భాగ్యమే. కాని ఇల్లు కడిగి ఆ మురుగును పొరుగువాని వాకిటికి, వాగునకు, చెరువునకు వదలినవాడు శుచియగునా? తన మాలిన్యమును పరునకు అంటించుట శౌచము కాదు.

కాళిందిలో కాళియుని విషమువలన గోవులు, గోపబాలురు మూర్ఛిల్లిరి. శ్రీకృష్ణస్వామి ఆ సర్పమును చంపలేదు. పడగలపై నర్తించి గర్వమణచి, వాని చోటైన సముద్రమునకు పంపెను. మడుగు అమృతతుల్యమయ్యెను. మురుగునకును తన చోటు కలదు. అది చెరువు కాదు, నేల.

వంటింటి నీరు, స్నానపు నీరు మొదట చిన్న తొట్టిలో నిలిచిన, జిడ్డును మెతుకులును అందాగును. పిదప మీటరు పొడవు, వెడల్పు, లోతు గల ఇంకుడుగుంతలోనికి పోవలెను. అడుగున పెద్దరాళ్లు, పైన చిన్నరాళ్లు నింపవలెను. నేలలోని సూక్ష్మజీవులు మాలిన్యమును భుజించును. గుంత త్రాగునీటి బావికి కనీసము 10 మీటర్ల దూరమున ఉండవలెను. తొట్టిని తరచు శుభ్రము చేయవలెను. చోటున్నచో ఆ నీటిని అరటికి, చేమకు పారించవచ్చును. మరుగుదొడ్డి నీటిని మాత్రము ఇందు కలుపరాదు. దానికి జంటగుంతలు వేరుగా ఉండవలెను.

రాతినేలయై నీరింకనిచోట ఊరివారందరు కలిసి వరుసకుంటలు త్రవ్వుకొనవలెను. మొదటిదానిలో మడ్డి అడుగున దిగును. తరువాతివానిలో ఎండ సోకి పాచి పెరిగి, నీటికి ప్రాణవాయువు నిచ్చును. అందు బ్రతుకు సూక్ష్మజీవులు మిగిలిన మాలిన్యమును హరించును. ఆ నీరు చెట్లకు పనికివచ్చును, త్రాగుటకు కాదు. కుంటల పూడిక తీయువారు లేనిచో అవియే దోమలకు నెలవులగును. కావున త్రవ్వుటతో సేవ ముగియదు.

అర్చకుడు తీర్థమిచ్చునపుడు భక్తుడు అరచేయి చాచును. ఆ తీర్థమునకు నీరు ఊరి బావినుండియే వచ్చును. ఆ బావికి ఊట ఊరి నేలనుండియే వచ్చును. కోవెలకు పోవుటకు ముందు తన జలదారి నీరు ఎటు పోవుచున్నదో ఒకమారు చూచి రావలెను. అదియును కైంకర్యమే.