పితృభక్తియు సత్యమును – ఒక పాత రివాల్వరు అడుగు ప్రశ్న

పెద్దలు విడిచిపోయిన వస్తువును భద్రపరచుట సంతానమునకు ధర్మమని మనవారి నమ్మిక. పూజగంట, ఇత్తడి చెంబు, చేతివ్రాత భజనల పుస్తకము మొదలగువాని విషయమున ఈ ధర్మము సులభమే. కాని ఆ వస్తువు ఆయుధమై, దాని పుట్టుపూర్వోత్తరములు ఎవరికిని నిశ్చయముగా తెలియనప్పుడు ధర్మమేమి?

1987 నాటి సైనిక తిరుగుబాట్ల తరువాత ఫిజీ నుండి న్యూజీలాండునకు వలస వచ్చిన కుటుంబములు అనేకము. వానిలో లోవర్ హట్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబమును ఊహించుకొందము. ఆ యింట పాత రేకుపెట్టె అడుగున గుడ్డలో చుట్టిన తుప్పు పట్టిన రివాల్వరు ఒకటి బయటపడినది. తాతగారు దానిని మద్రాసు నుండి ఓడలో తెచ్చినారని పెదనాన్న చెప్పును. చెరకు తోటలో కొట్టవచ్చిన కులంబరు చేతినుండి లాగుకొన్నారని మేనత్త చెప్పును. కులంబరే మెచ్చి బహూకరించెనని మరియొకరి మాట. మొదటి కథలో తాతగారు ధనవంతుడు, రెండవదానిలో వీరుడు, మూడవదానిలో నమ్మిన సేవకుడు. ఎవరికి నచ్చిన తాతను వారు ఎన్నుకొనవచ్చునా?

ముందుగా లోహము చెప్పు సాక్ష్యమును వినవలెను. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం పరీక్షశాల 1813 నాటి చట్టముచే ఏర్పడినది. అచ్చట తుపాకి గొట్టమును అధికమైన మందుతో పేల్చి చూచి, నిలిచినదానిపై ముద్ర వేయుదురు. దీర్ఘవృత్తములో ఇ, ఎల్, జి అను అక్షరములు కనిపించినచో అది బెల్జియములోని లియేజ్ నగరపు ముద్ర. బర్మింగ్‌హాంలో వెబ్లీ సంస్థ 1872లో వెలువరించిన ‘బుల్‌డాగ్’ అను పొట్టి రివాల్వరునకు బెల్జియములో లెక్కలేనన్ని అనుకరణలు తయారైనవి. కావున పైకి కనబడు ఆకారమును నమ్మరాదు. ముద్రలనే చదువవలెను.

ఈ ముద్రలు కథలను పరీక్షింపగలవు. దక్షిణ భారతమునుండి గిర్మిట్ కూలీలను ఫిజీకి తెచ్చిన మొదటి ఓడ ‘ఎల్బ్’ 1903లో చేరినది. బ్రిటిషు పరీక్షశాలల ‘ఎన్.పి.’ ముద్ర 1904 నాటి నియమములతో వచ్చినది. ఆ ముద్ర గల రివాల్వరును తాతగారు ‘ఎల్బ్’ ఓడలో తెచ్చినారనుట పొసగదు. అంతేకాక, 1878 నాటి ఆయుధ చట్టము క్రింద భారతీయులకు అనుమతిపత్రము లేక ఆయుధము కలిగియుండుట నేరము. పొట్టకూటికై గిర్మిట్‌పై వ్రేలిముద్ర వేసిన పేదకు రివాల్వరు ఎట్లు దొరకును? అయితే లోహము సాక్ష్యమునకు ఒక హద్దు కలదు. అది ఎచ్చట పరీక్షింపబడినదో చెప్పును గాని, ఎవరి చేతిలో ఉండెనో చెప్పదు.

ఇచ్చటనే అసలు చిక్కు. న్యూజీలాండులో 1983 నాటి ఆయుధ చట్టము, కుటుంబ వారసత్వముగా విశేష ప్రాముఖ్యము గల పిస్తోలును ఉంచుకొనుటకు ప్రత్యేకానుమతికి తావిచ్చినది. అనుమతి కోరువాడు ఆ ప్రాముఖ్యమును చెప్పి సంతకము చేయవలసి వచ్చును. అందమైన కథ ఒకటి సిద్ధముగా ఉన్నది. తాతగారి గౌరవము కొరకే గదా అని మనస్సు సర్దిచెప్పును. కాని తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయుట పితృభక్తి యనిపించుకొనదు. కల్పిత వీరునికి పూజ చేయుచు, నిజముగా బ్రతికిన మనిషిని మరచుటయే అగును.

1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడి చేసిన అల్లూరి సీతారామరాజు, తాను తీసికొన్న ఆయుధముల వివరమును వ్రాసి, సంతకము చేసి, అచ్చటనే ఉంచి వెళ్లెను. ప్రభుత్వముపై తిరుగబడినవాడు కూడ ఆయుధముల లెక్కను దాచలేదు. ఇక శాంతిగా బ్రతుకు గృహస్థునకు దాచవలసిన అగత్యమేమి?

2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదులలో 51 మంది ప్రాణములు పోయినవి. ఆ దుఃఖమును చూచిన దేశములో, రేకుపెట్టెలోని రివాల్వరు కేవలము ఒక ఇంటి సంగతిగా మిగులదు. కనుక దానిని ఎవరును త్రిప్పి చూడరాదు. గుండు లోపల ఉన్నదేమో ఎవరికి తెలియును? గరుకు కాగితముతో రుద్దరాదు, తుప్పుతో పాటు ముద్రలును పోవును. దానిని చేతబట్టుకొని బయలుదేరక, పోలీసువారికి ముందుగా ఫోను చేసి వారి సూచన ప్రకారము నడువవలెను. చట్టము ఒప్పినచో ఉంచుకొనవచ్చును. ఒప్పనిచో అప్పగించుటలో అవమానము లేదు.

మరి పిల్లలకు మిగులునదేమి? సువాలోని ఫిజీ జాతీయ పురాభిలేఖాలయములో గిర్మిట్ కూలీల వలసపత్రములు కలవు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయస్సు, ఎత్తు, దేహముపై గుర్తులు అందు వ్రాయబడినవి. తుపాకిపై ముద్ర తుపాకి సంగతి చెప్పును. నుదుటిపై మచ్చయో, మోకాలిపై గాయపు గుర్తో తాతగారి సంగతి చెప్పును. ఆ కాగితపు నకలును, దానితో మూడు మాటలను పిల్లలకు అందించవలెను: పెద్దలు చెప్పినది ఇది, ముద్రలు చూపినది ఇది, మనకు తెలియనిది ఇది. అయిదేండ్లు చెరకు నరికి, లైనులలో బ్రతికి, బిడ్డలను పెంచిన ఆ మనిషి గొప్పతనమునకు రివాల్వరు సాక్ష్యము అక్కరలేదు.