కాయకమునకు మితి

ఇంటనుండి పని చేయుట మానవునకు క్రొత్త కాదు. మగ్గము, కుమ్మరి సారె ఇంటి ముంగిటనే యుండిన కాలము మిక్కిలి దీర్ఘమైనది. జేడర దాసిమయ్య తన మగ్గముపై బట్టలు నేసి, ధర్మపత్ని దుగ్గళతో గూడి దాసోహము సాగించెనని శరణ చరిత్రములు చెప్పుచున్నవి. పనికి ఒక చోటు, నివాసమునకు వేరొక చోటు అను విభజన యంత్రశాలల కాలమున ప్రబలినది.

ఆ విభజన 2020 మార్చిలో ఒక్కసారిగా సడలెను. కరోనా వ్యాధి కారణముగా లాక్‌డౌన్ విధింపబడగా, హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పెక్కుమంది స్వస్థలములకు మరలి, ఇంటనే కంప్యూటరు ముందు కూర్చుండిరి. నగరమునకు రైలు మార్గమున దగ్గరగా నున్న వికారాబాదు, తాండూరు కుటుంబములకు ఈ మార్పు తెలియనిది కాదు. నేటికిని కొన్ని సంస్థలు వారమున కొన్ని దినములు ఇట్టి వెసులుబాటు కల్పించుచున్నవి. ప్రయాణపు బడలిక తప్పును. వృద్ధులైన తలిదండ్రులకు బిడ్డల తోడు దొరకును. ఇది మేలే. కాని ఇల్లే కార్యాలయమైనపుడు పని యెప్పుడు ముగియును?

తాండూరు ప్రాంతపు నాపరాతి గనిలో పని చేయువాడు సాయంకాలమున సమ్మెట దింపి యింటికి పోవును. బండ అతని వెంట రాదు. శరీర మెంత అలసినను, పనికి గల హద్దు అతని కంటికి కనబడును. కంది పండించు రైతునకు ఋతువే హద్దు. కంప్యూటరుతో పని చేయువానికి అట్టి హద్దు లేదు. భోజనము నడుమ ఫోను మ్రోగును. పడకయందును జాబు వ్రాయవలసి వచ్చును.

కాయకమును కైలాసముతో సమానముగా నెంచు ధర్మమున విరామము కోరుట దోషము కాదా యని కొందరు అడుగవచ్చును. దీనికి సమాధానము ఆయ్దక్కి మారయ్య దంపతుల చరిత్రలో కలదు. నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమే నాటి కల్యాణ నగరము. అచ్చట బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యమును ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ దానిని స్వీకరింపక, మిగులు బియ్యమును తెచ్చిన చోటనే విడిచి రమ్మని పంపెను. ఆమె తప్పు పట్టినది సోమరితనమును కాదు, అధికమును. ఆ మితిని నిర్ణయించినది రాజు కాదు, గురువు కాదు, ఇంటి యిల్లాలు.

అధికముగా తెచ్చిన బియ్యము వేరొకరిది. అట్లే పనికై అధికముగా తెచ్చిన గంట యెవరిది? అది బిడ్డ పాఠము వినవలసిన గంట. తండ్రికి మందు ఇయ్యవలసిన గంట. శరీరము నిద్రింపవలసిన గంట. శరీరము తన ఋణమును తప్పక వసూలు చేయును. వారమునకు 55 గంటలు గాని, అంతకు మించి గాని పని చేయువారికి, 35 నుండి 40 గంటలు పని చేయువారితో పోల్చగా, పక్షవాతపు ముప్పు సుమారు 35 శాతము అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు 2021లో ప్రకటించినవి.

మితి యనగా అలసత్వము కాదు. జీతము పుచ్చుకొనిన గంటలలో మనస్సు వేరొక చోట నుంచుటయు సత్యశుద్ధ కాయకము కాజాలదు. కావున ఇంటిలో ఒక మూలనైనను పనికై కేటాయింపవలెను. ఉదయ లింగపూజ ముగిసిన పిదప పని ఆరంభించి, సాయం పూజకు ముందు కంప్యూటరు మూసినచో దినమునకు రెండు గడపలు ఏర్పడును. ఇంటనే యున్నదను నెపమున ఉద్యోగము చేయు కోడలిపై వంటపని యంతయు మోపుట న్యాయము కాదు. ఆ శ్రమను ఇంటివారందరు పంచుకొనవలెను.

అయితే మితి ఉద్యోగి యొక్కని చేతిలో లేదు. రాత్రి వేళ పని పంపు అధికారియు దీనికి బాధ్యుడే. పని వేళ దాటిన పిదప సందేశములకు దూరముగా నుండు హక్కును ఫ్రాన్సు దేశము 2016లో చట్టమున చేర్చినది. చట్టము లేని చోట యజమాని ధర్మబుద్ధియే రక్ష. అదియు కొరవడినచో, చాలునని చెప్పగల లక్కమ్మ వంటివారు ప్రతి యింట నుండవలెను. ఆ మాటను మన్నించు మారయ్యయు నుండవలెను.