అనని మాట

1993 మార్చిలో వాషింగ్టన్ బాస్కెట్‌బాల్ జట్టు ఆటగాడు లాబ్రాడ్‌ఫర్డ్ స్మిత్ షికాగోలో 37 పాయింట్లు కొట్టాడు. ఆట అయ్యాక 'బాగా ఆడావు మైక్' అని తనను ఎగతాళి చేశాడని షికాగో బుల్స్ ఆటగాడు మైకేల్ జోర్డన్ తోటివాళ్లకు చెప్పాడు. మర్నాడు మళ్లీ అదే జట్టుతో పోటీ. జోర్డన్ సగం ఆటకే 36, మొత్తంమీద 47 కొట్టి కసి తీర్చుకున్నాడు. స్మిత్ మాత్రం ఆ మాట అననేలేదు. అది జోర్డన్ కల్పనే.

2020 లాక్‌డౌన్‌లో పది భాగాలుగా వచ్చిన డాక్యుమెంటరీ సిరీస్ 'ద లాస్ట్ డాన్స్' చూశాక, షికాగో బుల్స్ ఎనిమిదేళ్లలో గెలిచిన ఆరు టైటిళ్ల కన్నా ఈ చిన్న అబద్ధమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఇలాంటిదే భారతంలోనూ ఉంది. సంస్కృత భారతంలో మయసభలో దుర్యోధనుడు తడబడిన ఘట్టాన్ని కథకుడు చెప్పేటప్పుడు నవ్వినవాళ్లలో ద్రౌపది పేరు ఉండదు. దుర్యోధనుడు తండ్రి దగ్గర మొరపెట్టుకునేటప్పుడు ఆ పేరు వచ్చి చేరుతుంది. కోపానికి జరిగింది ఎప్పుడూ చాలదు. కొంత కలుపుకుంటుంది.

ఎందుకు? జవాబు జోర్డన్ సహ ఆటగాడు స్టీవ్ కెర్ కథలో దొరికిందనిపించింది. బేరూత్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడిగా ఉన్న కెర్ తండ్రిని 1984లో కాల్చి చంపారు. జోర్డన్ తండ్రి 1993 వేసవిలో హత్యకు గురయ్యాడు. ఈ ఇద్దరూ ప్రాక్టీసులో కలబడి కొట్టుకున్నారు. 1997 ఫైనల్ చివరి క్షణాల్లో జోర్డన్ అందించిన బంతితోనే కెర్ గెలుపు బుట్ట వేశాడు. అంత దగ్గరగా మసలినా, తండ్రుల గురించి తామిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదంటాడు కెర్.

అనని మాటను అందరికీ చెప్పుకున్న మనిషి, తగిలిన దెబ్బ గురించి అదే దెబ్బ తిన్నవాడితో కూడా నోరు విప్పలేదు. ఇందులో నాకు వింతేమీ కనపడదు. అవమానానికి ఎదుట ఒక మనిషి ఉంటాడు, వాణ్ణి ఓడించవచ్చు. దుఃఖానికి ఎదుట ఎవరూ ఉండరు. 47 పాయింట్లు కొట్టినా అది తీరేది కాదు.

ఈ సిరీస్ కూడా అదే దారి పట్టింది. బుల్స్ జట్టు చెదిరిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి: వయసు, అలసట, డబ్బు. 1991లో ఏడేళ్లకు సుమారు 1.8 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేసిన స్కాటీ పిపెన్, లీగ్‌లోని గొప్ప ఆటగాళ్లలో ఒకడై ఉండీ 1997–98లో జీతాల వరుసలో వందమందికి పైగా వెనకపడ్డాడు. కానీ వయసుకూ ఒప్పందానికీ ముఖం ఉండదు కదా. అందుకని జనరల్ మేనేజర్ జెర్రీ క్రాస్‌ను దోషిగా నిలబెట్టారు. పిపెన్‌ను తెచ్చిందీ, ఫిల్ జాక్సన్‌ను కోచ్‌ను చేసిందీ, ఆటగాడు రాడ్‌మన్‌ను జట్టులో చేర్చిందీ ఆయనే. సీజన్‌లో 82 ఆటలూ గెలిచినా ఇదే నీకు చివరి ఏడాది అని జాక్సన్‌తో అన్నదీ ఆయనే. తప్పు లేదనలేం. కానీ 2017లో చనిపోయిన క్రాస్ ఈ సిరీస్ కోసం తన వాదన వినిపించలేకపోయాడు. మరోవైపు, ఆ చివరి సీజన్‌లో తీసిన దృశ్యాలు జోర్డన్ అనుమతి ఇచ్చేదాకా బయటికే రాలేదు.

గెలవడానికి కల్పించుకున్న కోపం పనికొస్తే రావచ్చు. స్కోరుబోర్డు అందులో నిజమెంతని అడగదు. జరిగినదాన్ని అర్థం చేసుకోవాలనుకునేవాడికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఎవరిమీదైనా కోపం మరీ సుఖంగా కుదురుకున్నప్పుడు, దాని చాటున పేరు లేని బాధ ఏది దాక్కుందో వెతకడం అతని పని.