లెక్క తెలిసినవాడు ఆడితే అది జూదం కాదా?

నలోపాఖ్యానం మీద వీడియో పెట్టాక విశాఖ నుంచి ఒక తమ్ముడు నన్ను ఇలా అడిగాడు. "అన్నా, నలుడు పాచికల లెక్క రాక ఓడిపోయాడు, లెక్క నేర్చుకుని గెలిచాడు. అంటే తప్పు జూదానిది కాదు, లెక్క రాకపోవడానిది కదా? మరి నేను బాగా స్టడీ చేసి వాలీబాల్ లీగ్ మీద బెట్ పెడితే అధర్మం ఎలా అవుతుంది?"

మంచి ప్రశ్న. వీడియోలో నేను ఆ భాగం మీద నుంచి త్వరగా దాటేశాను. టైమ్ లేక కాదు. దాని గురించి మాట్లాడితే నా సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని.

అరకు వైపు, అనంతగిరి మండలంలో నాకొక స్నేహితుడు ఉన్నాడు. డిగ్రీలో హాస్టల్ రూమ్మేట్. కొండ మీద ఊరు, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోట, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం తీగలు. ఆ ఊళ్లలో క్రికెట్‌కి సరిపడా చదునైన నేల దొరకడం కష్టం. వాలీబాల్‌కి 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు చాలు. అందుకే సాయంత్రం అయితే ఎక్కడో ఒకచోట నెట్ కట్టి ఉంటుంది. మావాడు మంచి స్పైకర్. హాస్టల్లో ఉన్నప్పుడు వాడు ఎగిరి కొడితే చూడ్డానికి మెస్ వంటవాళ్లు కూడా బయటికి వచ్చేవాళ్లు.

2022 ఫిబ్రవరిలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ హైదరాబాద్‌లో మొదలైంది. హైదరాబాద్ బ్లాక్ హాక్స్ అంటే వాడికి ప్రాణం. రెండేళ్లు ప్రతి మ్యాచ్ చూశాడు, నోట్‌బుక్ పెట్టి రాసుకున్నాడు. ఎవరి సర్వీస్ ఎప్పుడు తప్పుతుంది, రెండు పాయింట్లు వచ్చే సూపర్ పాయింట్‌ని ఏ జట్టు ఎప్పుడు అడుగుతుంది, మొదటి సెట్ పోయాక ఎవరు లేస్తారు, అన్నీ. 2024లో మూడో సీజన్ చెన్నైలో జరుగుతుండగా నన్ను ఫోన్లో అడిగాడు, "చూడు గురూ, నా లెక్కలో తప్పేటైనా ఉందా?"

నేను చూశాను. నిజంగా బాగుంది. "పెట్టేయ్ గురూ" అన్నాను. అనడమే కాదు, నావీ రెండు వేలు వాడికి పంపాను. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మార్చి ఆన్‌లైన్ బెట్టింగ్ నిషేధించారని నాకు తెలుసు. అయినా పంపాను. వాడు ఎవరో ఏజెంట్ ద్వారా పెట్టాడు. ఆ రాత్రి నాకు 1,700 లాభం వచ్చింది. దాంతో ఒక కాలర్ మైక్ కొన్నాను. మీరు విన్న నలోపాఖ్యానం ఆ మైక్‌లో చెప్పిందే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం, ఎందుకంటే ప్రశ్న లెక్క గురించే. రెండు జట్లూ సమానం అనుకున్నప్పుడు రెండు వైపులా 1.85 రేటు ఇచ్చారు. వంద పెట్టి గెలిస్తే 185 చేతికొస్తుంది. వంద పందేల్లో 54 గెలిచినా 10,000 పెట్టి 9,990 తెచ్చుకున్నట్టే. కనీసం 55 గెలవాలి. పైగా ఈ లీగ్‌లో సెట్ 25 పాయింట్లకి కాదు, 15కే. సెట్ ఎంత పొట్టిదైతే బలహీనమైన జట్టుకి అంత ఛాన్స్, మీ స్టడీకి అంత తక్కువ విలువ. ఆటగాడిగా మావాడికి ఇది నాకంటే బాగా తెలుసు. కానీ నోట్‌బుక్‌లో రాసుకోలేదు.

ఓడటం మొదలయ్యాక అందరూ చేసేదే చేశాడు, ప్రతి ఓటమికీ పందెం డబుల్. వంద, రెండొందలు, నాలుగొందలు, ఎనిమిదొందలు. "ఒక్కటి తగిలితే అన్నీ వచ్చేస్తాయి" అంటారు కదా. కాగితం తీసుకుని చూడండి. మొదటి మూడూ పోతే నష్టం 700. నాలుగోది గెలిస్తే 1.85 లెక్కన వచ్చే లాభం 680. అంటే గెలిచినా ఇరవై తక్కువే. ఇంత చిన్న లెక్క డిగ్రీ చదివిన మా ఇద్దరిలో ఒక్కడూ వేయలేదు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కాఫీ పళ్లు కోసేది నవంబర్ నుంచి జనవరి వరకు. అమ్మిన డబ్బు ఇంటికి చేరేది ఫిబ్రవరి ప్రాంతంలో. ఆ ఏడాది లీగ్ కూడా సరిగ్గా అప్పుడే జరిగింది. పోయినవి 41 వేలు, అందులో ఎక్కువ వాళ్ళమ్మగారు ఒక్కొక్క పండూ ఏరి, ఎండబెట్టి అమ్మిన డబ్బు. ఆవిడకి చాలా రోజులు తెలియదు. నేను ఆ మధ్య వెళ్ళినప్పుడు, "బాబూ, ఈసారి కాఫీకి రేటు పడిపోయిందంట కదా" అని నన్నే అడిగారు. అలా చెప్పి ఉంచాడు వాడు. నేను తల ఊపాను.

ఇక నలుడి దగ్గరికి వస్తాను. ఋతుపర్ణుడు రథం మీద వెళుతూ దారిలో ఒక చెట్టు చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. దిగి, చెట్టు కొట్టి, లెక్కపెట్టి చూస్తాడు. అది తాండ్ర చెట్టు. త్రిఫలలో వేసే తానికాయ దానిదే. వేదకాలంలో పాచికలుగా వాడింది ఆ కాయల్నే అంటారు. మన తూర్పు కనుమల అడవుల్లోనూ ఉంటుంది. మీరు అరకు వెళ్ళినప్పుడు ఎవరినైనా అడగండి, చూపిస్తారు.

ఆ లెక్క, అంటే అక్షహృదయం, నలుడికి అందగానే ఏం జరిగింది? వెంటనే గెలుపు రాలేదు. ముందు ఆయన ఒంట్లోంచి కలి బయటికి పోయాడు. ఇన్నాళ్లూ నేను ఈ భాగాన్ని 'విద్య నేర్చాడు కాబట్టి గెలిచాడు' అనే చదువుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. లెక్క నిజంగా తెలిస్తే ఆడాలన్న ఆవేశం ముందు పోతుంది. మేం స్ట్రాటజీ అని పిలిచింది ఆ లెక్క కాదు. అందులో ఏజెంట్ కమీషన్‌కి కాలమ్ లేదు, అమ్మ కోసిన కాఫీకి కాలమ్ లేదు. ఆడటానికి అడ్డొచ్చే అంకెలన్నీ వదిలేసి మిగిలినవి చాలా శ్రద్ధగా రాసుకున్న పుస్తకం అది.

అయితే తమ్ముడి ప్రశ్న ఇంకా తీరలేదు, నాకు తెలుసు. నలుడు తర్వాత పుష్కరుడితో మళ్ళీ ఆడాడు, గెలిచాడు. దాన్ని దాచి చెప్పడం నాకిష్టం లేదు. కానీ గెలిచాక తమ్ముణ్ని క్షమించి, వాడి భాగం వాడికిచ్చి పంపాడు. గెలిచిన సొమ్ము తిరిగిచ్చే బెట్టింగ్ యాప్ మీకు దొరికితే నాకు చెప్పండి. ఈ కథని బృహదశ్వుడు చెప్పింది ధర్మరాజుకి, ఆయన అంతా పోగొట్టుకుని అడవిలో ఉన్నప్పుడు. విద్య కూడా నేర్పాడు. ధర్మరాజు ఆ విద్యతో హస్తినకి పోయి దుర్యోధనుణ్ని పందేనికి పిలవలేదు. విరాటుడి కొలువులో కంకుడై రాజుకి కాలక్షేపంగా పాచికలు ఆడాడు.

అసలు సభలో ద్రౌపది ధర్మరాజుని ఎందుకు బాగా ఆడలేదని అడగలేదు కదా. తనను తాను ముందే ఓడిపోయినవాడికి నన్ను పెట్టే హక్కు ఎక్కడిది అని అడిగింది. భీష్ముడంతటివాడు తేల్చలేకపోయాడు. నేను ఫోన్లో "పెట్టేయ్" అన్నప్పుడు వాడు పెడుతున్నది ఎవరిదో అడగనే లేదు.

వాడితో దీని గురించి మాట్లాడితే వాడన్నాడు, "కాఫీ మాత్రం జూదం కాదేటి గురూ? ఏప్రిల్ వాన తప్పితే పూతే నిలబడదు." ఒక రోజంతా నాకు జవాబు తోచలేదు. తర్వాత తోచింది ఇది. వాన పడితే వాడి తోటా పూస్తుంది, పక్కవాడి తోటా పూస్తుంది. నా 1,700 మాత్రం ఎవడో ఇంకో కుర్రాడు ఆ రాత్రి పోగొట్టుకున్నది. వాడి పేరు నాకు తెలియదు. వాళ్లింట్లో ఏం అబద్ధం చెప్పాడో తెలియదు. ఋగ్వేదం పదో మండలంలో జూదరి సూక్తం ఒకటుంది, 34వది. భార్యని, ఇంటిని పోగొట్టుకున్నవాడి గోడు అది. అందులో వాడికి దొరికే సలహా, పాచికలు మాని పొలం దున్నుకోమని.

డబ్బు కంటే నన్ను బాధపెట్టింది మావాడు చెప్పిన ఇంకో మాట. ఆ సీజన్లో బ్లాక్ హాక్స్ ఆటగాడు సర్వీస్ నెట్‌కి కొడితే వీడు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడట. పందెం అవతలి జట్టు మీద ఉంది. "నా జట్టే గురూ" అన్నాడు, ఇంకేం అనలేదు.

2025 ఆగస్టులో దేశమంతటికీ వర్తించేలా ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద నిషేధ చట్టం వచ్చింది. ఏజెంట్లు ఇంకా ఉన్నారు.

కార్తీకమాసంలో బొర్రా గుహల్లో శివలింగం దగ్గర షూటింగ్‌కి వెళ్ళి, పని అయ్యాక వాళ్ళ ఊరికి పోయాను. వాళ్ళమ్మగారికి రేటు పడలేదని, డబ్బు ఎలా పోయిందో, అందులో నా పాత్ర ఏమిటో చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు గెలిచావా బాబూ?" అని అడిగారు. గెలిచానన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చి నా ముందు పెట్టారు.

మైక్ అమ్మేశాను. వచ్చిన దానికి కొంత కలిపి రెండు వేలు వాడి చేతిలో పెడితే తీసుకోలేదు. కింద నెట్ కట్టారు, రమ్మని పిలుస్తున్నారు. ఓడిన జట్టు కోడి తేవాలట, రెండు జట్లూ కలిసి తినాలట. "ఇదీ పందెమే కదా, ఆడతావేటి?" అని నవ్వాడు. నేను ఇంకా ఆలోచిస్తుంటే వాడు బంతి తీసుకుని సర్వీస్ గీత దగ్గరికి నడిచాడు.