పిడికిట్లో గవ్వలు

మా మనవరాలు 52లోంచి 27 తీసేసి 35 అని రాసింది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి తిరగేసి ఏడులోంచి రెండు తీసింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇలాంటి తప్పులు వేలకొద్దీ చూశాను. చూసి ఏం చేశాను? ఎర్రసిరాతో ఇంటు కొట్టి, ‘వీడికి రాదు’ అనుకున్నాను.

1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ ఈ తీసివేతల తప్పుల్నే కంప్యూటరుకెక్కించి, పిల్లలు తోచినట్టు రాయరనీ, చాలాసార్లు ఒక తప్పుడు పద్ధతిని నిష్ఠగా పాటిస్తారనీ చూపించారు. అంటే అది తెలియకపోవడం కాదు, ఒకదాన్ని మరొకటిగా తెలుసుకోవడం. మన అన్నంభట్టు తర్కసంగ్రహంలో విపర్యయమన్నది దీన్నే. చిన్నప్పుడు వల్లెవేసిన ఆ మాట, నా తరగతి గదిలో నాకొక్కసారీ గుర్తు రాలేదు.

ఎదుటివాడి జ్ఞానం మనకు కనపడదనీ, గుర్తుల్ని బట్టి ఊహించాల్సిందేననీ న్యాయదర్శనం పాటించే నైయాయికులు అంటారు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్ 1990ల్లో రూపొందించిన పద్ధతి ఆ అనుమానానికి అంకెలు వేసింది. ఒక్కో మెళకువకు నాలుగు అంకెలు: ముందే వచ్చి ఉండటం, చేస్తూ నేర్చుకోవడం, వచ్చినా పొరబడటం, రాకపోయినా గుడ్డిగా తగలడం. పిల్లకు వచ్చి ఉండే అవకాశం 0.4, పొరపాటుకు 0.1, గుడ్డి జవాబుకు 0.2 అనుకుందాం. ఒక జవాబు సరిగ్గా చెబితే మన నమ్మకం 0.75కి పెరుగుతుంది. అంతే. 0.95కి చేరితేనే వచ్చినట్టు లెక్క.

పన్నెండో శతాబ్దంలో శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఈ గుడ్డి జవాబు చిక్కే పెట్టాడు. ఒకడు పిడికిట్లో గవ్వలు దాచి ఎన్నని అడుగుతాడు. ఎదుటివాడు నోటికొచ్చినట్టు అయిదంటాడు. నిజంగా అయిదే ఉంటాయి. అది జ్ఞానమేనా? నేను మాత్రం అలాంటి అయిదులన్నిటికీ రైటు కొట్టి మార్కులు వేశాను. చెయ్యి జారి తప్పు రాసిన పిల్లల్ని వెనక బెంచీకి పంపాను. ఆ 0.2నీ, ఆ 0.1నీ నేనెవరి విషయంలోనూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పటికీ బాధే.

తెలుగులో రాజధాని పేరు ‘తెలుసు’, ఈత ‘వచ్చు’. ఆ నాలుగు అంకెల పద్ధతి కొలిచేది రెండోదాన్ని. కానీ దాని తొలి రూపంలో ఒకసారి వచ్చింది మళ్ళీ పోదు, మరుపన్నది లేదు. వేసవి సెలవుల తర్వాత బడికొచ్చే పిల్లల్ని చూసినవాడెవడూ అది ఒప్పుకోడు. ఇంకోటి కూడా ఉంది. నాకు తెలుసన్న సంగతి నా మనసుకే నేరుగా తెలుస్తుందని, దాన్ని అనువ్యవసాయమని నైయాయికులు అన్నారు. ఆ నాలుగు అంకెల్లో పిల్లను అడిగి రాసుకున్నది ఒక్కటీ లేదు.

మా మనవరాల్ని నేనడిగాను. పది పుల్లల కట్ట విప్పించి, మళ్ళీ చేయించాను. 25 వచ్చింది.

“వచ్చిందా అమ్మా?”

కాగితం వైపు చాలాసేపు చూసింది. “ఇప్పుడైతే వచ్చింది తాతయ్యా. పుల్లల్లేకుండా రేపు ఇంకోటియ్యి.”