తూటాల ఎంపికలో ధర్మసూక్ష్మము

రెండు రకముల బియ్యము, రెండు తానుల గుడ్డ, రెండు ఇనుప కడ్డీలు ముందుంచుకొని "వీటిలో ఏది మేలు?" అని అడుగు బేరగానికి నిజము చెప్పువాడే మంచి వర్తకుడు. తూకములో న్యాయము, మాటలో నిజము, సరుకులో నాణ్యము – ఈ మూడును తప్పనివాడు తన ధర్మమును నెరవేర్చినట్లే యని లోకము తలచును. కాని కొన్ని సరుకుల విషయమున ఈ మూడును చాలవు. అట్టి వానిలో తూటా యొకటి. వేట తుపాకికి పనికివచ్చు రెండు తూటాలను చూపి "ఏది మేలు?" అని యొకడు అడిగినచో అహింసను నమ్మిన వర్తకుడు ఏమి చెప్పవలెను? నాణ్యమైన దానిని తీసి యిచ్చుటయా, నోరు మెదపకుండుటయా, లేక మరేదైన మార్గము కలదా?

ఇది ఊరక కల్పించుకొన్న సందేహము కాదు. హోసూరు, కృష్ణగిరి వర్తకులకు అడవి ఎన్నడును దూరము కాదు. హోసూరు నుండి దక్షిణముగా సాగినచో డెంకణికోట, జవళగిరి, అంచెట్టి ప్రాంతములు దాటి కావేరి ఒడ్డు వరకు అడవి దట్టమగుచు పోవును. బెంగుళూరులో నివసించిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ తిరిగినది ఈ కొండలలోనే. 1954లో వెలువడిన ఆయన మొదటి పుస్తకములో జవళగిరి పులి కథ కలదు. ఆయన చేతిలో ఉండినది .405 వించెస్టర్ రైఫిలు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప వినోదపు వేట ఈ దేశములో ముగిసినది. 2014లో ఇక్కడి అడవిలో పెద్ద భాగము కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యమైనది.

వేట ముగిసినను ప్రశ్న ముగియలేదు. భారతదేశము నుండి వెళ్లిన వ్యాపార కుటుంబములు నేడు అమెరికాలో ఎన్నియో దుకాణములు నడుపుచున్నవి. అక్కడ వేట చట్టసమ్మతము. చిన్న ఊళ్లలో రొట్టె, పాలు అమ్ము అంగడిలోనే తూటాల పెట్టెలుండుట కలదు. అట్టి అంగడిలో గల్లా పెట్టె ముందు కూర్చున్న కుర్రవానికి ఈ ప్రశ్న పుస్తకములోని ప్రశ్న కాదు; పొద్దున లేచినది మొదలు ఎదురగు ప్రశ్న.

ముందు వస్తువేమో తెలిసికొనవలెను. తెలియని దానిని గూర్చి ధర్మము చెప్పుట గ్రుడ్డివాడు దారి చూపినట్లగును. తూటాలో నాలుగు భాగములు: ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించు చిన్న టోపీ, లోపల మందు, కొసన గుండు. అర్ధస్వయంచాలిత రైఫిలులో మీట నొక్కిన ప్రతిసారి ఒక్క గుండు మాత్రమే వెడలును. కాని ఖాళీ గుల్లను పారవేసి కొత్త తూటాను లోనికి తీసికొను పనిని తుపాకియే చేసికొనును. చేతితో లాగు రైఫిలులో తూటా కొంచెము అడ్డుపడినను చేయి సర్దును. ఇక్కడ సర్దు చేయి లేదు. కావున తూటా ఆకారము, మందు ఒత్తిడి ఎల్లప్పుడును ఒక్క తీరుగా ఉండవలెను. .303, .315 వంటి పాత తూటాల అడుగున వెలికి వచ్చిన అంచు ఉండును. అరలో ఒకదాని అంచు మరొకదానికి తగులుకొనవచ్చును. అందుచేత ఇట్టి తుపాకులకు అంచు వెలికి రాని గుల్లలనే ఎక్కువగా వాడుదురు.

అట్టివానిలో రెండు జంటలను చూడవచ్చును. .30-06 అనునది 1906లో అమెరికా సైన్యము కొరకు పుట్టినది. గుల్ల పొడవు సుమారు 63 మిల్లీమీటర్లు. .308 వించెస్టర్ 1952లో వచ్చినది; పొడవు సుమారు 51 మిల్లీమీటర్లు. గుండు లావు రెండింటిదియు ఒక్కటే. పొట్టిదానికి యంత్రము తక్కువ దూరము కదలిన చాలును; పొడవుదానిలో మందు ఎక్కువ పట్టును గనుక బరువైన గుండ్లు కొంత వేగముగా పోవును. జింకకు మాత్రము ఈ భేదము తెలియదు. రెండవ జంట 1925 నాటి .270 వించెస్టర్, 1957 నాటి .280 రెమింగ్టన్. గుండ్ల లావులు .277, .284 అంగుళములు. భేదము అంగుళములో వెయ్యింట ఏడు వంతులు! రెమింగ్టన్ కంపెనీవారు తమ 740 నమూనా స్వయంచాలిత రైఫిలును దృష్టిలో ఉంచుకొని .280ను తక్కువ ఒత్తిడితో తయారుచేసిరి. అంతేకాక గుల్ల భుజమును కొంచెము ముందుకు జరిపి, అది పొరపాటున .270 తుపాకిలో పట్టకుండ చేసిరి. అనగా కొనువాడు చేయబోవు పొరపాటును గూడ తయారుచేసినవాడు ముందుగానే ఆలోచించినాడు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనదగినది.

అనుభవజ్ఞులు చెప్పు మాట ఒక్కటే: ఇట్టి జంటలలో ఏదైనను పనికివచ్చును, తన తుపాకిలో ఏ తయారీ తడబడక నడచి, గుండ్లన్నియు ఒక్కచోటనే పడునో పరీక్షించి, దానితోనే సాధన చేయుట ముఖ్యము. గురి తప్పిన గుండు జంతువును చంపదు, చిత్రవధ చేయును.

ఇక్కడనే ధర్మము ప్రశ్నలోనికి అడుగుపెట్టుచున్నది. "ఎట్లును చంపవలసి వచ్చినప్పుడు ఒక్క దెబ్బతో పోవునట్టి తూటాను ఎంచుకొనుటయే దయ గదా!" అని వేటగాండ్రు వాదింతురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి, నేపాలులోను కుమావూనులోను కలిపి 436 మందిని పొట్టను బెట్టుకొన్నదని ఆయనయే వ్రాసినాడు. ఆ పులి నోట కుడి ప్రక్క కోరలు పాత తుపాకి దెబ్బకు విరిగియుండెను. సహజమైన ఆహారమును పట్టలేక అది మనుష్యులపై పడినది. ఎవడో కాల్చి, గాయపడిన మృగమును విడిచి ఇంటికి పోయినాడు. వాని పేరు లోకమునకు తెలియదు. వాని గుండుకు ఫలితము వందలాది కుటుంబములు అనుభవించినవి. అజాగ్రత్తగా పేల్చిన దెబ్బకు, జాగ్రత్తగా ఎంచిన దెబ్బకు భేదము లేదనుట సత్యము కాదు.

కాని గుడ్డిలో మెల్ల మేలన్నంత మాత్రమున మెల్లకన్ను మంచి కన్ను కాజాలదు. అమృతచంద్రసూరి పురుషార్థసిద్ధ్యుపాయములో సరిగా ఈ తావునే పట్టుకొన్నాడు. ఒక క్రూరమృగమును చంపిన అనేక ప్రాణములు దక్కునను తలంపుతో గాని, బాధపడు ప్రాణికి త్వరగా విముక్తి కలుగునను తలంపుతో గాని చంపుటకు పూనుకొనరాదని ఆయన వేరువేరుగా హెచ్చరించినాడు. కారణము స్పష్టమే. దయ యను పేరు దొరకినచో మనస్సు ఆ పేరు చాటున ఏ పనికైనను సిద్ధమగును. వేటకు పోవలెనని ముందే నిశ్చయించుకొన్నవాడు తూటాను దయతో ఎంచుట, దొంగతనమునకు పోవువాడు ఇంటివారి నిద్ర చెడకుండ మెల్లగా నడచుట వంటిది. ఆ మెల్లదనము మంచిదే. దొంగతనము మాత్రము మంచిది కాలేదు.

చట్టము గూడ ఈ చిక్కును పూర్తిగా విడదీయలేదు. 1907లో ఆంగ్ల ప్రభుత్వము హిందూ దేశములోనికి .450 తూటాలు రాకుండ నిషేధించినది. మార్టినీ–హెన్రీ సైనిక తుపాకులు గల తిరుగుబాటుదార్లకు అవి చిక్కరాదని ఉద్దేశము. వెంటనే ఇంగ్లాండు తుపాకుల వర్తకులు .465, .470, .475 అనుచు కొత్త కొలతలు పుట్టించిరి. ఏనుగులకు, కాటెద్దులకు ఏమి ఒరిగినది? అంకె మారినది, పని మారలేదు. అట్లే సైన్యపు .303 సామాన్యునికి కూడదన్నందున .315 రైఫిలు వాడుకలోనికి వచ్చినది. స్వాతంత్ర్యము తరువాత గూడ ప్రభుత్వపు ఇషాపూర్ కర్మాగారము దానిని తయారుచేసినది. ఆయుధ చట్టము 1959లో వచ్చి 1962లో అమలైనది. ఏ కొలతకు అనుమతి, దేనికి నిషేధమన్నది చట్టము చెప్పగలదు. ఏ చేయి పవిత్రము అన్నది అది చెప్పజాలదు.

"నేను అమ్మితిని గాని చంపలేదు" అనునది వర్తకుని కడపటి మాట. శాస్త్రములు ఈ మాటను ఏనాడో విని తీర్పు చెప్పినవి. సమంతభద్రాచార్యుల రత్నకరండ శ్రావకాచారము కత్తి, గొడ్డలి మొదలగు హింసా సాధనములను ఇతరులకిచ్చుటను హింసాదానమనుచు అనర్థదండములలో చేర్చినది. హేమచంద్రాచార్యుల యోగశాస్త్రము శ్రావకుడు విడువవలసిన పదునైదు వ్యాపారములను చెప్పుచు విషవాణిజ్యములో ఆయుధములను గూడ లెక్కించినది. దిగంబర, శ్వేతాంబర సంప్రదాయములు రెండును ఇక్కడ ఒక్క మాటపై నిలచుట గమనింపదగినది. తూటా తయారుచేసినవాడు అది ఏ తుపాకిలోనికి పోవునో ఆలోచించి భుజమును జరిపినాడు. అమ్మువాడు అది ఏ ప్రాణములోనికి పోవునో ఆలోచింపనక్కర లేదనుట న్యాయమా?

అయితే అడిగినవానికి మౌనమే సమాధానమా? కాదు. "ఈ తూటా నీ తుపాకికి సరిపడదు, పేలి నీకే అపాయము కలుగును" అని తెలిసినవాడు హెచ్చరించుట హింసోపదేశము కాదు, ప్రాణరక్షణ. "దీనితో రెట్టింపు జంతువులను కొట్టవచ్చును" అనుట మాత్రము పాపోపదేశము. ప్రాణము దక్కించు నిజము చెప్పవలెను; ప్రాణము తీయు సరుకు అమ్మరాదు. లాభము పోవును గదా యన్నచో, పోవును. లాభము పోని వ్రతము వ్రతమెట్లగును?

ఇంతటితో వ్యాసము ముగించినచో వర్తకునికి సుఖముగా నుండును. కాని రైతు మాట ఒకటి మిగిలియున్నది. చలికాలములో రాగి పైరు కోతకు వచ్చునప్పటికి బన్నేరుఘట్ట వైపు నుండి ఏనుగుల గుంపులు జవళగిరి, డెంకణికోట, శూలగిరి ప్రాంతములకు దిగును. అడవిపందులు ఏడాది పొడవునను వచ్చును. రాత్రి మంచె మీద కూర్చుండి ప్రాణమరచేత బట్టుకొన్న రైతునకు, పట్టణములో మేడ మీద నిద్రించువాడు అహింసను బోధించుట సులభము. ఆ రైతు పండించిన గింజయే బజారుకు వచ్చుచున్నది. దానిపైననే వ్యాపారము నడచుచున్నది. కావలి పాపము రైతుకు, గింజ లాభము వర్తకునికి – ఈ పంపకము ధర్మమగునా?

క్రీ.శ. 959లో యశస్తిలకమును పూర్తిచేసిన సోమదేవసూరి వేములవాడ చాళుక్యుల ఆశ్రయమున నుండినవాడు. తెలుగు నేలకు దగ్గరివాడు. చేప ఒక్కటియు పడకున్నను చేపలవాడు హింసకుడే, దున్నునప్పుడు పురుగులు చచ్చినను రైతు అట్టివాడు కాడు, ఎందుకనగా వారి సంకల్పములు వేరు, అను భావమును ఆయన చెప్పియున్నాడు. రైతును నిందించుటకు శాస్త్రములో చోటు లేదు. నిందింపదగినది, ఆ రైతును నిస్సహాయునిగా విడిచి, వాని భయమును సరుకుగా మార్చి అమ్ముకొను వ్యాపారము.

అట్టి వ్యాపారము తుపాకుల అంగడిలో మాత్రమే లేదు. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర పొలమునకు అక్రమముగా పెట్టిన విద్యుత్ తీగ తగిలి మూడు ఆడ ఏనుగులు చనిపోయినవి. రెండు గున్నలు తల్లి లేనివై మిగిలినవి. పైరు కాచుటకు పెట్టిన తీగ ఏమి చేసినదో చూడుడు. ఆ తీగ ఎక్కడనో ఒక అంగడిలో మూరల లెక్కన అమ్మబడినదే. తూటా పేరు వినగానే చెవులు మూసికొను వర్తకుడు తన అంగడిలోని ఉచ్చు తీగలను, విషపు డబ్బాలను ఒకసారి వెలుతురులో పెట్టి చూచుకొనుట మంచిది. తీగ పందిరికైన దోషము లేదు. "రాత్రికి కరెంటు ఇచ్చుటకు ఎంత దళసరిది కావలెను?" అని అడిగినవానికి మాత్రము అది సరుకు కాదు, ఆయుధము. అచ్చట మేలైన రకమును ఎంచి యిచ్చు నేర్పు నేర్పు కాదు.

కావున అహింస అమ్మకము మానుటతో ఆగరాదు, ఖర్చునకు సిద్ధపడవలెను. ఏనుగులు తొక్కిన పొలము రైతు బాకీకి ఆ ఏడు గడువు పెంచుట, నష్టపరిహారపు కాగితములు వ్రాసి యిచ్చుటకు గుమాస్తాను పంపుట, ప్రాణము తీయని సౌరశక్తి కంచెకు, కందకమునకు ఊరివారితో కలిసి చందా వేయుట – ఇవి ఒక్క వర్తకునికి భారమైనను సమాజమునకు భారము కావు. రైతు చేతిలోని నాటు తుపాకి క్రిందికి దిగవలెనన్నచో వర్తకుని చేతిలోని సంచి మూతి విప్పవలెను.

రెండు తూటాలలో ఏది మేలని అడుగువారు ఎప్పుడును ఉందురు. దానికి సమాధానము చెప్పు నిపుణులును ఉందురు. వెయ్యింట ఏడు వంతుల భేదమును కొలుచుటకు పరికరములున్నవి. అమ్మిన చేతికిని చంపిన చేతికిని మధ్య భేదమెంతయో కొలుచు త్రాసు మాత్రము ప్రతి వర్తకుని అంగడిలోను, గల్లా పెట్టె ప్రక్కన, ఆతని మనస్సులోనే ఉన్నది. దాని ముల్లు సరిగా నిలచుచున్నదో లేదో ఏటికొకసారియైనను చూచుకొనుట శ్రావకునికి విధి.