తాళం లేకపోతే అనుమతేనా?

పక్కింటి పెద్దమ్మ తన వైఫై వాడుకోమంది. ఒకరోజు సరదాకి 192.168.1.1 కొట్టి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ 'అడ్మిన్' అని పెట్టాను. రూటర్ సెట్టింగులన్నీ తెరుచుకున్నాయి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు!

"తలుపు తీసే ఉంది, నా తప్పేముంది?" అనుకున్నాను. కానీ పెద్దమ్మ ఇచ్చింది నెట్టు, ఇల్లు కాదు కదా.

2016లో మిరాయ్ వైరస్ ఇలాంటి 60 దాకా పాస్‌వర్డులతోనే లక్షల కెమెరాల్లో, రూటర్లలో దూరింది. ఇలాంటి పాస్‌వర్డులతో వస్తువులు అమ్మకూడదని బ్రిటన్‌లో 2024 నుంచి చట్టం ఉంది. కంపెనీది తప్పే. తెలిసీ చెప్పకపోతే నాదీ తప్పే.

మర్నాడు జరిగినదంతా చెప్పేశాను. పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎలా మార్చాలో చూపించు" అంది. ఆమె కొత్త పాస్‌వర్డ్ కొడుతుంటే నేను అటు తిరిగి కూర్చున్నాను.